కార్డులక్కా, ఆమె వేలాడే మనిషీ

ఆ మేడలో లిఫ్టు పాడై చాలా కాలమైంది. పాడవడం దాని తప్పే గానీ, బాగుపడకపోవడం మాత్రం కార్డులక్క చలవ. మేడ సంఘానికి సెక్రటరీగా ఉన్న రిటైరైన లెక్కల మాస్టారు, ఇద్దరు మెకానిక్కుల్లో పని ఎవరికివ్వాలో తేలక, ఒకనాడు మూడో అంతస్తుకి ఎక్కొచ్చి ఆమె ముందు కూర్చున్నారు. రుజువు రాయనిదే పిల్లలకి అర మార్కు కూడా వెయ్యని మనిషి, ఒక్క కార్డు తీసి బల్ల మీద పెట్టి, డాక్టరు ముందు నాలుక చాపిన రోగిలా ఎదురు చూశారు.

“ఆగమంటోంది మాస్టారూ,” అంది కార్డులక్క.

“ఎవరి విషయంలో? మొదటివాడా, రెండోవాడా?”

“ఇద్దరి విషయంలోనూ.”

మాస్టారు ఆగారు. ఆయనతో పాటు మేడంతా ఆగింది. అప్పట్నుంచి కూరగాయల సంచులూ, నీళ్ళ క్యాన్లూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ మెట్ల దారినే పైకెక్కుతున్నాయి. కార్డులక్క కూడా ఆ మెట్లే ఎక్కేది. ఇంటికి చేరేసరికి ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఆ ఆయాసానికీ తాను చెప్పిన జోస్యానికీ సంబంధం ఉందని ఆమెకి ఒక్కనాడూ తట్టలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆమె. నాలుగో కాలు కళ్ళెదుట కనబడుతున్నా లెక్కలోకి రాదు.

ఆమె పుట్టుకతోనే కార్డులక్క కాదు. పెళ్ళైన కొత్తలో నీళ్ళ ఫిల్టర్లు అమ్మింది. తర్వాత జుట్టు రాలకుండా ఉండే నూనె అమ్మింది, అది రాసుకున్నవాళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే టోపీ సర్దుకుని పక్కకి తప్పుకుంటారు. ఆపైన పిల్లలకి జ్ఞాపకశక్తి క్లాసులు పెట్టి, క్లాసున్న రోజే మర్చిపోయి సినిమాకి వెళ్ళింది. చివరికి ఒక పాత పుస్తకాల కొట్లో జోస్యం చెప్పే టారో కార్డుల కట్టా, దాంతో పాటు అర్థాలు చెప్పే చిన్న పుస్తకమూ దొరికాయి. డెబ్బై ఎనిమిది కార్డులకి డెబ్బై ఎనిమిది అర్థాలు, తలకిందులుగా పడితే మళ్ళీ వేరే అర్థాలు. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం. ఆమె పట్టుగా ఒక్క కార్డు నేర్చుకుంది, వేలాడే మనిషి కార్డు.

ఆ కార్డు మీద ఒక కుర్రవాడు ఒంటికాలికి తాడు కట్టుకుని కొయ్యకి తలకిందులుగా వేలాడుతుంటాడు. రెండో కాలు మడిచి ఉంటుంది, చేతులు వెనక్కి ఉంటాయి. ఇంత జరుగుతున్నా మొహంలో మాత్రం భోజనం చేసి పడుకున్నంత ప్రశాంతత. ఓపిక పట్టు, కొత్త కోణంలో చూడు, ఒకటి వదులుకుంటే ఇంకొకటి దక్కుతుంది, అని పుస్తకం చెప్పిన అర్థాలు మూడు. ఆ మూడింటినీ కార్డులక్క ఏ ఎండకా గొడుగు పట్టినట్టు వాడుకునేది. ఇంటి ఓనరు వచ్చి అద్దె పెంచనా అని అడిగితే అది ఓపిక కార్డు. పై వాటా ఆవిడ తన కొడుకు డ్రమ్ము వాయించడంలో పైకొస్తాడా అని అడిగితే అదే కార్డు త్యాగం కార్డు, వదులుకోవలసింది డ్రమ్ము. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఆ ఒక్క కార్డే ఎప్పుడూ ఎందుకు వస్తుందంటారా? ఒకసారి కట్ట మీద టీ ఒలికింది. పైన ఉన్న వేలాడే మనిషి నిలువునా తడిసి ఉబ్బాడు. పారేస్తే కట్ట పాడైపోతుందని కార్డులక్క చెల్లెల్ని జిరాక్సు కొట్టుకి పంపి, దాన్ని ఇస్త్రీ చేయించినట్టు లామినేషన్ చేయించింది. అప్పట్నుంచి ఆ కార్డు మిగతావాటికంటే మందం, జారుడు. ఎవరు ఎంత కలిపి కట్టని రెండుగా కోసినా సరిగ్గా ఆ ప్లాస్టిక్ దగ్గరే విడిపోయేది. ఇందులో విధి లేదు, జిరాక్సు కొట్టువాడి పనితనం ఉంది. కార్డులక్క మాత్రం కళ్ళు పెద్దవి చేసి, “ఈ వీధిని ఈ కార్డు పట్టుకుంది,” అనేది. వీధివాళ్ళు భయంభయంగా తలలూపేవాళ్ళు.

ఆమె భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎంత ఆలస్యమైందో రోజంతా మైకులో చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక నోరు విప్పని మనిషి. నీకూ ఒక కార్డు తీస్తానని భార్య అడిగినప్పుడల్లా, “నేను పెళ్ళిరోజే తీశాను,” అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఇక చెల్లెలు. తల్లిదండ్రులు పోయాక కార్డులక్కే ఆమెని తన దగ్గరికి తెచ్చుకుంది. “నేనే పెంచాను” అన్న మాట ఆ ఇంటికి వచ్చినవాళ్ళలో కనీసం ఒకసారి విననివాళ్ళు లేరు. అది అబద్ధం కాదు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది, స్కూలు ఫీజు కోసం తన గాజులు తీసిచ్చింది. కానీ పెంచిన చెయ్యి ఎప్పుడు వదలాలో తెలియని చెయ్యి ఆమెది. చెల్లెలికి ఇప్పుడు ముప్పై దాటి నాలుగేళ్ళు. ముందు గదిని బీరువాతో, దాని పక్కన ఒక కర్టెన్‌తో రెండుగా చేస్తే, ఇటు అక్క బల్ల, అటు చెల్లెలి కుట్టుమిషన్. పాంట్లు పొట్టి చెయ్యడం, జాకెట్లు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం చెల్లెలి పని. అక్క దగ్గరికి మనుషులొస్తే మిషన్ ఆపెయ్యాలి. ఆ టకటకకి శక్తులు చెదిరిపోతాయట. చెల్లెలు మిషన్ ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కర్టెన్ అవతల నుంచి ప్రతి జోస్యమూ వినేది. ఆ వేలాడే మనిషికి అక్క ఎన్ని అర్థాలు చెప్పిందో అక్కకే గుర్తులేదు గానీ, చెల్లెలికి ఒక్కటీ పొల్లుపోలేదు.

ఎదురు మేడ కింద కళ్ళద్దాల షాపు ఉంది. ఆ షాపాయన మొదట ఒక పాంటు పొడవు తగ్గించమని వచ్చాడు. వారం తిరక్కుండా అదే పాంటు ఇంకాస్త తగ్గించమని వచ్చాడు. మూడోసారి తగ్గించాక చీలమండలు బయటపడ్డాయి. ఇక తగ్గించడానికి గుడ్డ మిగల్లేదని తేలాక గానీ పెద్దమనిషి అసలు మాట బయటపెట్టలేదు.

“నన్ను పెళ్ళి చేసుకోవడం నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే,” అంది చెల్లెలు, నోట్లో గుండుసూదులు తీసి. “అక్కని అడిగి చెప్తాను.”

అక్క కాదనలేదు. కాదనే మనిషైతే గొడవే ఉండకపోను. “నీ జీవితం, నువ్వే కార్డు తియ్యి,” అని ఎంతో ఉదారంగా కట్ట ముందుకి జరిపింది. చెల్లెలు తీసింది. ఏం వచ్చిందో చెప్పక్కర్లేదు. “నిదానమే ప్రధానం అంటున్నాడు,” అంది అక్క. చెల్లెలు ఆగింది. వానాకాలం పోయి చలికాలం వచ్చాక మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది. అలా రెండేళ్ళు. కళ్ళద్దాలాయన విసుక్కోలేదు గానీ, ఒకసారి మాత్రం, “ఆ కార్డుకి చూపు సరిగ్గా ఉందేమో ఒకసారి షాపుకి పంపరాదూ, పరీక్ష చేస్తాను,” అన్నాడు. పేపరు వెనక నుంచి బావగారు, “ఆలస్యం అమృతం విషం,” అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట విన్నది పేపరొక్కటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వేలాడే మనిషి ఎప్పుడూ వేలాడుతూనే రాడు. కార్డు తిరగబడి పడితే తల పైకి, కాలు కిందికి వస్తాయి. అప్పుడతను ఒంటికాలి మీద నిలబడి, ఇక బయల్దేరబోతున్నవాడిలా కనిపిస్తాడు. దానికి పుస్తకంలో అర్థం వేరే ఉంది. “వేలాడింది చాలు, కిందికి దిగు” అని. కార్డులక్క ఆ వాక్యం ఒక్కసారి చదివింది, రెండోసారి ఆ పేజీ తియ్యలేదు. ఆగమంటే మనిషి మళ్ళీ వస్తాడు. వెళ్ళమంటే వెళ్ళిపోతాడు. వెళ్ళినవాడు జోస్యం నిజమైందని చెప్పడానికి మెట్లెక్కి రాడు కదా.

అందుకని కార్డు అలా పడ్డప్పుడల్లా ఆమె బొటనవేలితో దాన్ని చటుక్కున తిప్పేసేది. పైగా అడిగేవాళ్ళకి నిబంధన పెట్టింది, పడ్డ కార్డు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని, ఎలా పడితే అలాగే చూడాలని. ఆ నిబంధన ఆమె బొటనవేలికి వర్తించదు. వచ్చినవాళ్ళకి అది బల్ల తుడిచినట్టు, దీపం జరిపినట్టు కనిపించేది. తాను మోసం చేస్తున్నానని కార్డులక్క ఎన్నడూ అనుకోలేదు. వంకరగా ఉన్నదాన్ని సరిచేస్తున్నాననుకుంది. చెల్లెలి విషయంలో ఆ బొటనవేలు మరీ చురుగ్గా కదిలేది. ఎందుకో ఆమె తనని తాను అడగలేదు. అడిగుంటే జవాబు తెలిసేది. మొగుడు మాట్లాడడు. వచ్చేవాళ్ళు తమ గొడవలు చెప్పుకుని పోతారు. కర్టెన్ అవతల ఆ మిషన్ చప్పుడు కూడా లేకపోతే ఆ ఇంట్లో కూర్చోవడం ఎలాగో ఆమెకి తెలియదు. ఆమెకి భయం. ఆ భయానికి ఓపిక అని పేరు పెట్టుకుంది.

ఆ ఏడాది ఎండలు మొదలయ్యేటప్పటికి కళ్ళద్దాలాయనకి ఇంకో ఊళ్ళో, పెద్ద కంటి ఆసుపత్రి ఎదురుగా షాపు దొరికింది. నెలాఖరుకి సామాను ఎత్తెయ్యాలి. ఆయన మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, చెల్లెలి మిషన్ పక్కన నిలబడ్డాడు. ఈసారి చేతిలో పాంటు లేదు.

“నేను వెళ్తున్నాను. నువ్వు వస్తే ఇద్దరికీ ఇల్లు చూస్తాను. రాకపోతే ఒక గది చూసుకుంటాను. ఆదివారం చెప్పు. కార్డు ఏమందో కాదు, నువ్వేమంటావో చెప్పు.”

కర్టెన్ ఇవతల కూర్చున్న కార్డులక్క అంతా విన్నది. అయినా మొహం మామూలుగానే పెట్టి, ఆ సాయంత్రం చెల్లెలు టీ తెచ్చినప్పుడు, “ఏమంటాడే మీ కళ్ళద్దాలాయన,” అని తెలియనట్టు అడిగింది.

“వెళ్తున్నాడటక్కా.”

“వెళ్ళనీ. నిజంగా కావాలనుకున్నవాడు ఆగుతాడు.”

“రెండేళ్ళు ఆగాడుగా.”

కార్డులక్క ఒక గుక్క తాగింది. టీలో చక్కెర తక్కువైందంది.

ఆదివారం పొద్దున చెల్లెలు తానే వచ్చి బల్ల ముందు కూర్చుంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. బావగారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు, అంటే పట్టుకున్నాడు. “ఒకసారి చూడక్కా,” అంది చెల్లెలు. కార్డులక్క ప్రాణం లేచొచ్చింది. అడుగుతోందంటే ఇంకా తన చేతిలోనే ఉందన్నమాట. దీపం వెలిగించింది, బల్ల గుడ్డ సర్దింది, కట్టని ముందుకి జరిపింది.

“మనసులో బాగా అనుకో. తొందరపడకు.”

చెల్లెలు తొందరపడలేదు. కట్టని కలిపింది, మళ్ళీ కలిపింది, రెండుగా కోసింది. ప్లాస్టిక్ మెరిసింది. కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వేలాడే మనిషి వేలాడటం లేదు. తల పైకెత్తి, ఒంటికాలి మీద, ఇక గడప దాటడమే తరువాయి అన్నట్టు ఉన్నాడు.

కార్డులక్క బొటనవేలు అలవాటు కొద్దీ ముందుకి కదిలింది. ఈలోగా కార్డు మీద చెల్లెలి చెయ్యి పడింది.

“తిప్పకక్కా.”

“వంకరగా ఉందే. సరిచేస్తున్నా.”

“వంకరగా లేదు. నిలబడే ఉన్నాడు. నువ్వు తలకిందులు చేస్తున్నావు.”

ముప్పై నాలుగేళ్ళుగా ఎదురు చెప్పని నోరు చెల్లెలిది. ఆ నోటి మీద కోప్పడాలో, బతిమాలాలో తోచక, చివరికి కార్డులక్క తన ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకుంది.

“కార్డుల సంగతి నీకేం తెలుసు?”

“మిగతావి తెలీదు. దీని సంగతి తెలుసు. టీ పడ్డప్పుడు జిరాక్సు కొట్టుకి తీసుకెళ్ళింది నేనేగా. ఇది మందంగా ఉందక్కా. ఎవరు కోసినా ఇక్కడే విడుతుంది.”

ఆ మాటని గాల్లో వదిలెయ్యకుండా, కార్డుని మళ్ళీ కట్టలో పెట్టి, కలిపి, అక్క ముందు కోసింది. వేలాడే మనిషి వచ్చాడు. మళ్ళీ కలిపి కట్టని అక్క చేతికే ఇచ్చింది. అక్క కోసింది. అతనే వచ్చాడు. కిటికీ దగ్గర పేపరు మెల్లిగా కిందికి దిగి, దాని వెనక బావగారి మొహం చాలా రోజుల తర్వాత పూర్తిగా కనబడింది.

కార్డులక్కకి మొట్టమొదట గుర్తొచ్చింది లిఫ్టు. తర్వాత తన మోకాళ్ళు. ఆ తర్వాత ఒక్కొక్కరే గుర్తొచ్చారు. డ్రమ్ము మానేసి బాల్కనీలో ఊరికే నిలబడే పై వాటా కుర్రాడు గుర్తొచ్చాడు. తాను ఆగమన్నందుకు పన్ను పీకించుకోవడం ఆపి, బుగ్గ వాచి, ఒక పక్కతోనే నవ్వే వీధిలోని ఇస్త్రీ అతను గుర్తొచ్చాడు. ఇంతమందిని ఒక ప్లాస్టిక్ ముక్క ఆపింది. అది ప్లాస్టిక్ అనుకుంటే కాస్త ఊరటగానే ఉంది. కానీ బొటనవేలు ప్లాస్టిక్‌ది కాదు, తనదే. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు మనుషులు చేసే పనే ఆమె కూడా చేసింది, కోపం తెచ్చుకుంది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“లామినేషన్ వేయించుకొచ్చిన కొత్తల్లోనే తెలిసింది.”

“తెలిసీ రెండేళ్ళు నన్నెందుకు అడిగావు? ఏం వస్తుందో తెలిసి కూడా, నా ముందు కూర్చుని, ఏమీ తెలియనట్టు తీశావే. నన్ను వెర్రిదాన్ని చెయ్యాలనా?”

చెల్లెలు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది.

“కార్డు ఏం వస్తుందో తెలుసక్కా. నువ్వేం చెప్తావో తెలీదు. ఒకే కార్డుకి మాస్టారికొకటి, ఓనరుకొకటి, పైవాళ్ళకొకటి చెప్పావు. ఎలా కావాలంటే అలా చెప్పగలవు నువ్వు. నాక్కూడా ఒక్కసారి వెళ్ళమని చెప్తావేమోనని అడిగాను. ప్రతిసారీ అందుకే అడిగాను.”

ఇంకొకరైతే చెల్లెల్ని కావలించుకుని ఏడ్చేవాళ్ళు. కార్డులక్క దీపం ఆర్పేసి, తలనొప్పిగా ఉందని చెప్పి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. బయట చెల్లెలు ఎవరిదో పాంటు పూర్తి చేస్తోంది. వచ్చేవాళ్ళెవరూ లేరు కాబట్టి మిషన్ ఆపలేదు. ఆ చప్పుడు ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తాను ఆపించిందో కార్డులక్క ఆ మధ్యాహ్నమే తెలుసుకుంది. ఇప్పుడది ఆగకుండా ఉంటే బాగుండునని గోడతో చెప్పుకుంది. అడగవలసిన చోట అడగడం ఆమెకి రాదు.

ఆ సాయంత్రమే చెల్లెలు ఎదురు షాపుకెళ్ళి వస్తానని చెప్పొచ్చింది, పెళ్ళి ఆ ఊళ్ళోనే అనుకున్నారు. నెలాఖరున వీధిలో వ్యాను వచ్చి నిలబడింది. కళ్ళద్దాలాయన అద్దాల బీరువాలు ఎక్కించి, పైకొచ్చి చెల్లెలి పెట్టె తీసుకెళ్ళాడు. బావగారు గుడ్డల మూటలు మోశాడు. మిషన్ మిగిలింది. వ్యాను అతన్ని పిలుద్దామన్నారు. కార్డులక్క ఒప్పుకోలేదు.

“నా చెల్లెలి మిషన్ నేను పట్టలేనా?”

పట్టలేదని అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కింది వైపు చెల్లెలు పట్టుకుంది, పై వైపు అక్క పట్టుకుంది. ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు. ఇనుము అరచేతుల్లోకి దిగుతోంది. మొదటి మలుపు తిరిగేసరికే కార్డులక్కకి చెమటలు పట్టి, చీర కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. రెండో అంతస్తు దగ్గర మాస్టారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. అక్కాచెల్లెళ్ళకి దారిస్తూ గోడకి అతుక్కున్నారు.

“అమ్మా, సరిగ్గా కనబడ్డారు. ఆ లిఫ్టు సంగతి ఇంకా ఆగమంటారా?”

“రేపే పిలిపించండి మాస్టారూ.”

“ఎవర్ని? మొదటివాణ్ణా, రెండోవాణ్ణా?”

“ఎవడు ముందొస్తే వాణ్ణి.”

“కార్డు చూడకుండానా,” అన్నారు మాస్టారు అనుమానంగా. రుజువు లేకుండా పని జరగడం ఆయనకి బొత్తిగా నచ్చలేదు.

కార్డులక్క జవాబు చెప్పే స్థితిలో లేదు. వేళ్ళు జారిపోతున్నాయి. కింద వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ హారన్ వినగానే ఆమె కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.

“ఆగవే,” అంది. “ఒక్క నిమిషం ఆగు.”

రెండు మెట్లు కింద, మిషన్ బరువు సగానికి పైగా తన మీద వేసుకుని, చెల్లెలు తల పైకెత్తి చూసింది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

“ఆగితే ఇంకా బరువెక్కుతుందక్కా,” అంది. “దిగు.”

కార్డులక్క కాలు కిందికి పెట్టింది.